గీత కింద స్వరం

ఆ ఏడు చలికాలం మూడు నెలలూ మా బావ నా బొటనవేలి మీద పడ్డాడు.

మా బావ అంటే మా అక్క విలిమైనా మొగుడు, రుసియాతే. మా ఊరికి సముద్రం అవతలనున్న కండావు దీవి మనిషి. పెళ్ళయ్యాక ఆడపిల్ల అత్తారింటికి పోవాలి గానీ, వీడు గిటారు సంచీ భుజాన వేసుకుని మా ఊరొచ్చి దిగబడ్డాడు. ఎనిమిదేళ్ళయింది అప్పటికి. బావా బావమరుదులం కాబట్టి మేమెంత వెక్కిరించుకున్నా ఎవరూ తప్పు పట్టరు. "ఏం ఇల్లరికం, మామగారి కర్రపెండలం అరిగిందా?" అని నేనంటే, "అరిగింది గానీ నీ మొహం చూస్తే తిరిగొస్తోందిరా" అనేవాడు. ఇప్పుడు వాడూ వీడూ అంటున్నాను గానీ, అప్పుడు మా బావంటే నాకు ప్రాణం.

మామా అల్లుళ్ళ సంగతి వేరు. మామ ఎదుట అల్లుడు తలెత్తి మాట్లాడడు. మామ కూడా అల్లుణ్ణి పేరు పెట్టి పిలవడు. అది మా మర్యాద. ఒకే చాప మీద కూర్చుని ఒకే పాట వాయిస్తూ కూడా వాళ్ళిద్దరి మాటలూ నా మీదుగానే నడిచేవి.

"ఒరేయ్ ఇలై, రెండో పాట కాస్త నెమ్మదిగా మొదలుపెట్టమను" అనేవాడు నాన్న.

బావ మూరెడు దూరంలో ఉండి కూడా విననట్టు నా వైపు తిరిగేవాడు.

"నెమ్మదిగా మొదలుపెట్టాలట బావా."

"సరేనను."

"సరేనట నాన్నా."

ఇదీ నా ఉద్యోగం. పదమూడో ఏట మొదలైంది. నా అసలు పేరు ఇలైతియా అయినా, ఊళ్ళో సగంమంది నన్ను 'టపావాడా' అనే పిలిచేవారు.

మా బ్యాండులో ముగ్గురం. బావ ముందు నిలబడి గిటారు వాయిస్తూ పాడతాడు. నేను పక్కన ఇంకో గిటారు. నాన్న వెనక కుర్చీలో, ఒళ్ళో అడుగు స్వరాలు పలికే నాలుగు తీగల బేసు గిటారు. సముద్రం పక్కనున్న హోటల్లో ప్రతి శుక్రవారం సాయంత్రం భోజనాల వేళ వాయిస్తాం. ఆదివారం పొద్దున అతిథుల బస్సు బయల్దేరేటప్పుడు వీడ్కోలు పాట పాడతాం. నేను పుట్టకముందే నాన్న పెట్టిన బ్యాండు అది. నాన్న పాడడు, నవ్వడు, వాయిస్తున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉంటాడు. అతిథులు ఫొటోలు తీస్తే మా బావని తీస్తారు, మహా అయితే నన్ను. నాన్న ఫొటోలో పడ్డాడంటే ఎవరి భుజం పక్కనుంచో సగమే పడేవాడు.

జూన్ మొదట్లో, మా దీవుల్లో చలి మొదలయ్యే రోజుల్లో, ఒక మధ్యాహ్నం బావ నన్ను ఎండుకొబ్బరి షెడ్డుకి తీసుకుపోయాడు. స్కూలు పిల్లల నోటుపుస్తకం ఒకటి తెరిచి నా ముందు పెట్టాడు. మా పాటలన్నీ అందులో ఉన్నాయి, ఒక్కో మాట మీదా ఏ కార్డు, అంటే కలిపి మోగించే స్వరాల గుత్తి, పట్టాలో రాసి. నేను ఆ పాటలు చిన్నప్పటినుంచీ వాయిస్తున్నవే. కానీ ఈసారి సగం కార్డుల పక్కన ఏటవాలుగా ఒక గీత, గీతకు అవతల ఇంకో అక్షరం.

"ఇవేమిటి బావా, భిన్నాలా? లెక్కల్లో తప్పాననే కదా నేను గిటారు పట్టింది?"

"నోరు మూసుకుని చూడు. ఇది డీ. గీత తర్వాత ఎఫ్ షార్ప్. అంటే ఏమిటి?"

"డీని ఎఫ్ షార్ప్‌తో భాగించాలి."

నెత్తి మీద ఒక్కటిచ్చాడు. "గీతకు ముందున్నది నువ్వు పట్టాల్సిన కార్డు. తర్వాతున్నది అన్నిటికంటే అడుగున మోగాల్సిన స్వరం. మామూలుగా డీ పట్టుకుంటే అడుగున కూడా డీయే మోగుతుంది కదా? ఇక్కడ అలా కాదు. పైన డీ, అడుగున ఎఫ్ షార్ప్. అంతే."

"అంతేనా? మూడు వేళ్ళూ డీ మీదే ఉన్నాయి. నాలుగోది అంతదూరం సాగదు."

"ఐదోది ఏం చేస్తోంది, గిటారు వెనక నిద్రపోతోందా? బయటికి తియ్యి."

నా బొటనవేలు పట్టుకుని గిటారు మెడ మీదుగా ఇవతలకు లాగి, లావు తీగ మీద రెండో మెట్టు దగ్గర నొక్కిపెట్టాడు. ప్రాణం పోయింది. మీటితే తుప్పుపట్టిన తలుపు మోగినట్టు మోగింది.

"అయిదో తీగని అదే వేలి కొనతో ఆపు. అది మోగకూడదు. ఆఁ. ఇప్పుడు ముందు జీ వాయించు, తర్వాత ఇది, తర్వాత 'ఈ' మైనరు. అడుగు స్వరాలు మాత్రమే విను."

'జీ'. 'ఎఫ్ షార్ప్'. 'ఈ'. ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు వినిపించింది. పదేళ్ళుగా వాయిస్తున్న పాట. 'జీ' నుంచి 'ఈ' మైనరుకి ఇన్నాళ్ళూ మెట్టు లేకుండా దూకేస్తున్నానని అప్పుడు తెలిసింది. నా ఒక్క గిటారులోంచే ఇద్దరు మనుషులు వాయిస్తున్నంత నిండుగా వచ్చింది.

మళ్ళీ మళ్ళీ వాయించాను. వాయిస్తూ వాయిస్తూ ఆగాను.

"అవును గానీ బావా, ఈ మెట్లు దిగేది నాన్న కదా? ఆయన బేసులో ఉన్న స్వరమే కదా ఇది? ఆయన ఉండగా మళ్ళీ నాకెందుకు?"

బావ తన గిటారు తీగ ఒకటి బిగించాడు. బాగానే ఉన్న తీగని మళ్ళీ సడలించి మళ్ళీ బిగించాడు.

"అందుకేరా. అక్టోబరుకి మీ నాన్న బ్యాండు పెట్టి పాతికేళ్ళు. ఆ రోజు ఆయన్ని వెనక కుర్చీలోంచి లేపి ముందు వరసలో కూర్చోబెడదాం, అతిథిలాగా. ఆయన పాటలు ఆయనకే వినిపిద్దాం, ఆయన బేసుతో సహా, నీ బొటనవేలి మీద. ముసలాయన ఏడవకపోతే నన్నడుగు." వేలు చూపించాడు. "ఒక్కమాట పొక్కిందో, నీ పళ్ళు రాలగొడతాను."

ఏడ్చింది నాన్న కాదు, నేను. అక్కడే, ఆ షెడ్డులో, వాడి ముందే కళ్ళు తుడుచుకున్నాను.

ఇక చూడండి నా దొంగతనం. రోజూ మధ్యాహ్నం గాలం బుట్ట చేత పట్టుకుని చేపలకని బయల్దేరడం, బుట్ట పడవ కింద దాచేసి షెడ్డులో దూరడం. జూన్ అయ్యేసరికి వేలు బొబ్బలెక్కింది. జూలైలో బొబ్బలు పగిలి కాయ కాసింది. 'సీ' పట్టుకుని అడుగున 'ఈ', 'జీ' పట్టుకుని అడుగున 'బీ', 'ఏ' మైనరు కింద 'జీ'... నోటుపుస్తకంలో ఒక్కో పేజీ దాటుతుంటే, నాన్న వెనక కుర్చీలో కళ్ళు మూసుకుని ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నాడో ఒక్కోటీ బోధపడింది. అంతవరకూ నాన్న ఏదో దుమ్ దుమ్‌మని తోడొస్తున్నాడనుకునేవాణ్ణి. నేను పట్టే కార్డు మారకపోయినా, ఆయన అడుగు స్వరం ఒక్కటి జరిపితే పాట మొత్తం ఇంకోలా తిరిగేది. ఆ మాట నాన్నతో అనాలని ఎన్నిసార్లు నాలిక చివరిదాకా వచ్చిందో! పండగ రోజున అందామని ఆపుకున్నాను.

ఆగస్టులో ఒక సాయంత్రం తోటలోంచి కర్రపెండలం బుట్ట మోసుకొస్తూ నాన్న దారిలో ఎదురయ్యాడు.

"చేపలు పడ్డాయా?"

"లేదు నాన్నా."

"ఈ మధ్య అసలు పడటం లేదు నీకు."

"చలి కదా, లోపలికి పోయుంటాయి."

బుట్ట దించి నా ఎడంచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలు తిప్పి పక్కనున్న కాయని తన వేలితో తడిమాడు. "ఇదేమిటి?"

"గాలం తాడు కోసుకుంది."

"ఊఁ" అని చెయ్యి వదిలి బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఆ శుక్రవారమే హోటల్లో నేనొక తప్పు చేశాను. మూడు నెలల అలవాటు కదా, వేలు ఊరుకోలేదు. ఒక పాటలో నాకు తెలియకుండానే మెడ మీదుగా ఇవతలకొచ్చి ఎఫ్ షార్ప్ పట్టింది. నాన్న బేసు, నా బొటనవేలు ఒకదాని మీదొకటి పడ్డాయి. నాన్న కళ్ళు తెరవలేదు. తీగ మీద చెయ్యి ఆపేశాడు. రెండు చరణాలు నా ఒక్కడి అడుగు స్వరాలే మోగాయి. తర్వాత మళ్ళీ మెల్లగా అందుకున్నాడు. పాపం చెయ్యి నొప్పి పుట్టిందేమో అనుకున్నాను. అంత తెలివి నాది!

"మీ నాన్న ఉండగా ఆ వేలు దాచుకోరా వెధవా" అని బావ పళ్ళ సందునుంచి అన్నాడు, అతిథులకేసి నవ్వుతూనే.

అక్క హోటల్లో కుట్టుపని చేసేది. కర్టెన్లు, దిండు గలీబులు, పనివాళ్ళ బట్టలు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళేవి. సెప్టెంబరు రెండో శుక్రవారం మధ్యాహ్నం పెందలాడే ఇంటికొచ్చింది, చేతిలో కాగితపు సంచీ. బ్యాండుకి కొత్త చొక్కాలట, నీలం మీద తెల్లపూలు. ఒకటి తీసి నా మీదకు విసిరింది. భుజాలు సరిగ్గా సరిపోయాయి. రెండోది బావకు సరిపడేంత పెద్దది. సంచీలో చెయ్యి పెట్టి తడిమాను.

"నాన్నదేదే?"

"రెండే కుట్టమన్నారు."

"ఎవరు?"

అక్క సంచీని నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది. "మీ బావ లోపలున్నాడు. అడుగు."

అడిగాను. బావ గోడకానుకుని గిటారుకి కొత్త తీగలు వేస్తున్నాడు.

"ఇద్దరు చాలు అన్నార్రా హోటలువాళ్ళు" అన్నాడు. "నేనేం చెయ్యను?"

"ఎప్పుడన్నారు?"

బావ తీగ కొస కత్తిరించాడు.

"ఎప్పుడన్నారు బావా?"

"మేలో."

మే తర్వాత జూన్. కొబ్బరి షెడ్డు జూన్‌లో. నాకది లెక్క కట్టడానికి కాస్త టైము పట్టింది.

"వాళ్ళన్నారా, నువ్వన్నావా?"

తీగ తిప్పుతున్న చెయ్యి ఆగింది. "ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళలో ఒక్క పాట నేనెంచుకోలేదు. ఏది ముందు, ఏది వెనక, ఎంత నెమ్మదిగా, అంతా ఆయన చెప్పడమే. అదీ నాకు కాదు, నీకు. నేను నీ నోటికేసి చూస్తూ నిలబడాలి. ఊళ్ళో చిన్నపిల్లలు కూడా ఇల్లరికం అంటారు. నువ్వనలా?"

"నేను సరదాకి..."

"నాకూ సరదాగానే ఉండేది మొదట్లో."

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. రాయదగ్గ తిట్లు కావు. ఈ చొక్కా తొడుక్కోను, నీతో రాను, నువ్వొక్కడివే పోయి ఊరేగమన్నాను. వాడు అంతా విన్నాడు.

"నువ్వు రాకపోతే నాండీ పట్నంనుంచి ఇంకొకణ్ణి తెచ్చుకుంటారు. మీ నాన్న బ్యాండు పేరు కూడా ఉండదు. నీ ఇష్టం" అన్నాడు. తర్వాత, ఎంత మామూలుగా అన్నాడో చెప్పలేను, "ఆయనకి నువ్వే చెప్పాలి. నేను మామగారితో మాట్లాడకూడదు కదా" అన్నాడు.

నాన్న వెనకవైపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శుక్రవారం ఆ పాటికి స్నానం చేసి, నడుముకు చుట్టుకునే సులు మార్చుకుని బేసు తుడుచుకుంటూ ఉండాల్సినవాడు, పొద్దున్నుంచీ ఉన్న బట్టల్లోనే ఉన్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఎనిమిదేళ్ళుగా ఒకరి మాట ఇంకొకరికి చేరవేసినవాణ్ణి, ఆ ఒక్కమాట నోట్లోంచి పెగల్లేదు. ఒంటిమీదున్న కొత్త చొక్కా విప్పాలని కూడా తోచలేదు. నాన్న ఆ పూలకేసి చూశాడు.

"బస్సు టైమయింది. వెళ్ళు" అన్నాడు.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, నాన్న వెళ్ళమన్నాడు కాబట్టి అని చెప్పుకుంటూ ఉంటాను. వెనక కుర్చీ వెయ్యలేదు ఆ రోజు. అతిథుల్లో ఒక్కరూ మూడోవాడేడని అడగలేదు. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. నేను బాగా వాయించాను. ఒక్క మెట్టు తప్పలేదు. ఒక ఆస్ట్రేలియా ముసలాయన లేచొచ్చి నా బొటనవేలికేసి చూపించి చప్పట్లు కొట్టాడు. నేను నవ్వాను కూడా.

ఆ తర్వాత ఇంట్లో రెండు వంటలు. అక్కా బావా పడవల షెడ్డు పక్క గదిలోకి మారారు. నాన్న నాతో మాట్లాడటం మానలేదు. 'నీళ్ళు పట్టు', 'తలుపు వెయ్యి' అనేవాడు. అంతకు మించి ఉండేది కాదు. బావ మీద కోపం నా మీద చూపిస్తున్నాడనుకుని భరించాను. నాన్నా నేనూ ఒకవైపే కదా అన్న ధైర్యం నాది.

సంగతి కండావు దాకా పాకింది. అల్లుడు మామ కుర్చీ తీయించాడంటే వాళ్ళ వంశానికే తలవంపులు. సెప్టెంబరు చివరి శనివారం పొద్దున్నే బావ మేనమామ తోమాసీ పడవ దిగాడు, చంకలో యంగోనా మొక్క వేళ్ళ కట్ట, దంచి నీళ్ళలో కలిపి తాగేది, నిలువెత్తుది. మా ఇంట్లో చాపలు పరిచారు. మా వైపు మాట్లాడటానికి పెదనాన్న సైమోనీ వచ్చి కూర్చున్నాడు. నాన్న ఆయన పక్కన. బావ గుమ్మం దగ్గర తల వంచుకుని.

తోమాసీ కట్టను ముందుకు జరిపాడు. "మా పిల్లవాడు తప్పు చేశాడు. పెద్దవాడి చోటు పెద్దవాడికి తెలియకుండా తీసేశాడు. ముఖం లేక వచ్చాం. ఈ వేళ్ళు అందుకుని ఈ తప్పుని పూడ్చెయ్యండి."

పెదనాన్న కట్ట మీద చెయ్యి వేశాడు. అందరం అరచేతులు గుల్లచేసి మూడుసార్లు చప్పట్లు కొట్టాం. అయిపోయింది. ఇలా అందుకున్నాక ఇక ఆ మాట చచ్చేదాకా ఎవరూ ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాడిదే తప్పు.

"రుసియాతే" అన్నాడు నాన్న. పేరు పెట్టి, నేరుగా. మొదటిసారి. బావ తుళ్ళిపడ్డాడు. "సరే. లేచి లోపలికొచ్చి కూర్చో."

అని నావైపు తిరిగాడు.

"నీదేది?"

నాకర్థం కాలేదు. "నాదేమిటి నాన్నా?"

"నీ కట్ట."

నాన్న ఏదో పొరపాటు పడ్డాడని మొదట నవ్వొచ్చింది.

"నేనెందుకు నాన్నా? నాకు తెలియదు. పాతికేళ్ళ పండగన్నాడు. నిన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, నీ పాటలు నీకే..." చెబుతుంటే నా చెవులకే అది అప్పటికప్పుడు అల్లిన అబద్ధంలా వినిపించింది.

"మా ఇద్దరి మధ్య నీకు తెలియకుండా ఎప్పుడైనా ఏమైనా నడిచిందా?" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. "మూడు నెలలు షెడ్డు గోడవతల నిలబడి విన్నాను. దారిలో అడిగాను, చెబుతావేమోనని. గాలం తాడన్నావు. హోటల్లో చెయ్యి ఆపి చూశాను. నా భాగం మొత్తం వాయించావు. ఆఖరికి ఆ చొక్కా వేసుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డావు."

నేను బావ వైపు తిరిగాను. ఒక్క మాట చాలు. 'వాడికేం తెలియదు మామా, నేనే మోసం చేశాను' అని బావ అంటే చాలు. ఇప్పుడు నేరుగా మాట్లాడొచ్చు కూడా, నాన్నే పేరు పెట్టి పిలిచాడు.

"చెప్పు బావా."

బావ చాప అంచునున్న రంగు దారాలు చూస్తున్నాడు.

"చెప్పు బావా! పండగని నువ్వు చెప్పలేదూ? షెడ్డులో నేను ఏడిస్తే నువ్వు చూడలేదూ?"

"ఇలై!" అని పెదనాన్న అరిచాడు. "అతనిది ఇప్పుడే పూడ్చాం. మళ్ళీ తవ్వుతావా? బుద్ధుందా? నీ సంగతి నువ్వు చూసుకో."

బావ ఊపిరి వదలడం నాకు వినిపించింది. పెదనాన్న చాటున హాయిగా దాక్కున్నాడు. తలుపవతల అక్క నిలబడి ఉంది. ఆమెకూ తెలుసు, మే నెలనుంచీ తెలుసు. "తెచ్చెయ్‌రా తమ్ముడూ" అంది, ఏడుపు గొంతుతో. "ఎందుకు పెంచుతావు, తెచ్చెయ్."

లేచాను. రోడ్డు మీద దుకాణం దాకా నడిచాను. నాండీ బస్సొకటి ఆగి ఉంది. ఎక్కేద్దామనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. యంగోనా వేళ్ళు అరకిలో కొన్నాను. దుకాణం అమ్మాయి పాత పేపర్లో చుట్టి కట్టింది. చిన్న పొట్లం.

తిరిగొచ్చి నాన్న ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని పొట్లం ముందుకు జరిపాను. నా తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు. నేనే అన్నాను. తప్పు చేశాను నాన్నా, నీ చోటు నీకు తెలియకుండా తీసుకున్నాను, ముఖం లేదు, పూడ్చెయ్యి. తోమాసీ అన్న మాటలే, అవే వరసలో. నా మాటలు నాకేం ఉన్నాయి గనక.

నాన్న తనే చెయ్యి వేశాడు. తనే మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. రెండు వారాల తర్వాత మొదటిసారి నా తల మీద చెయ్యి పెట్టి, జుట్టు చెరిపి, తన పక్కకు లాక్కుని కూర్చోబెట్టుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నన్ను క్షమించేసినందుకు ఎంత తేలికపడ్డాడో ఆ చేతి బరువులోనే తెలిసింది. నాకేమీ తెలియదన్న నిజం మాత్రం ఇక ఎప్పటికీ చెప్పలేను. చెబితే పూడ్చినదాన్ని తవ్విన పాపం నాది.

యంగోనా కలిపారు. కొబ్బరి చిప్ప మొదట పెదనాన్నకు, తర్వాత తోమాసీకి, నాన్నకు, బావకు వెళ్ళింది. బావ తాగి, నా వైపు చూడకుండా చిప్ప అవతలకిచ్చాడు. నింపి నా చేతికిచ్చారు. గుక్కలో తాగేశాను.

"ఇలై" అన్నాడు నాన్న నెమ్మదిగా, నాకొక్కడికే వినపడేలా. "వీడ్కోలు పాటలో 'ఏ' మైనరు కింద 'జీ'కి కాస్త ముందే దిగిపోతున్నావు. మాట పూర్తయ్యేదాకా ఆగు. ఆగి దిగు. నేనలాగే చేసేవాణ్ణి."

"అలాగే నాన్నా" అన్నాను.